కొత్త ట్రీట్‌మెంట్ వస్తుందంట, నాన్నకి రేడియేషన్ ఆపేయమంటున్నాడు అన్నయ్య

నరసాపురం నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, ఊళ్ళు గుర్తుపట్టేలా ఉన్నవి తీసేసి అసలు సంగతి వరకు ఇక్కడ పెడుతున్నా.

వాళ్ళ నాన్నగారికి 69 ఏళ్ళు, షుగర్ ఉంది, గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు ఊరు. కొబ్బరి తోట ఉంది, దింపు తీయించిన రోజు రాశి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కాయ కాయా తనే లెక్క చూసుకునే మనిషి. నడుం నొప్పి అంటే ఆరు నెలలు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారు, రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకి లేస్తుంటే వయసు కదా అనుకున్నారు. చివరికి టెస్ట్ చేస్తే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్త పరీక్ష) 186. బయాప్సీలో గ్లీసన్ 8, అంటే దూకుడుగా పెరిగే రకం ప్రోస్టేట్ క్యాన్సర్, బోన్ స్కాన్‌లో నడుం పూసలు రెండు, తుంటి ఎముక దగ్గర ఒకటి, మొత్తం మూడు మచ్చలు. లివర్, ఊపిరితిత్తులు క్లీన్. రాజమండ్రిలో చూస్తున్న డాక్టరుగారు హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మగ హార్మోన్‌ని ఇంకా అణిచే అబిరాటెరోన్ మాత్రలు రాశారు, కొన్ని వారాల తర్వాత ప్రోస్టేట్‌కి రేడియేషన్ అన్నారు, నడుం నొప్పికి విడిగా ముందే ఒక రేడియేషన్ ఇచ్చేద్దాం అన్నారు.

ఈ దశలో అమెరికాలో డల్లాస్‌లో ఉన్న అన్నయ్య మధ్యలోకి వచ్చాడు. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌ని రేడియేషన్‌తో కలిపి అడ్వాన్స్‌డ్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వాడబోతున్నారని ఎక్కడో చూశాడంట, లింక్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి "ఇప్పుడు పాత రేడియేషన్ ఇచ్చేస్తే రేపు ఇది చేయరు, ఎవరూ తొందరపడకండి" అని, హాస్పిటల్‌కి తనే ఫోన్ చేసి రెండు రేడియేషన్ డేట్లూ వాయిదా వేయించాడు. నాన్నని అమెరికా తీసుకెళ్తా, ఖర్చుకి 70 సెంట్ల తోట బేరం పెట్టండి అంటున్నాడు. ఈవిడ ఏమన్నా అంటే వాళ్ళాయన "డబ్బు పెట్టేది మీ అన్నయ్య, మధ్యలో నీకెందుకు" అంటున్నాడు. ఇంతా జరుగుతుంటే నాన్నగారికి క్యాన్సర్ అని ఎవరూ చెప్పలేదు, వాపు అన్నారు, ఎముకల అరుగుదల అన్నారు. మొన్న పంటు మీద గోదావరి దాటుతుంటే "అమ్మలూ, మీరంతా కలిసి నా దగ్గర ఏం దాస్తున్నారే" అని అడిగితే ఈవిడ ఫోన్ వచ్చినట్టు అటు తిరిగిపోయారంట.

ఆగాలా వద్దా, తోట అమ్మాలా, నాన్నకి చెప్పాలా. ఇవీ మూడు ప్రశ్నలు.

అమ్మా, ముందు ఒకటి అడుగుతా. అన్నయ్య వాయిదా వేయించింది రేడియేషన్ ఒక్కటేనా, ఇంజెక్షన్, మాత్రలు కూడానా? మీ ఉత్తరంలో ఇది ఎక్కడా లేదు, నేను రెండుసార్లు వెతికా. ఎందుకంటే మీ నాన్నగారి జబ్బుకి మెయిన్ ట్రీట్‌మెంట్ ఆ ఇంజెక్షన్, మాత్రలే. ప్రోస్టేట్ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుద్ది, ఆ హార్మోన్ ఆపేస్తే చాలామందిలో జబ్బు వెనక్కి తగ్గుద్ది, ఇది 1941 లో చార్లెస్ హగిన్స్ అనే ఆయన చూపించాడు, దానికే 1966 లో నోబెల్ ఇచ్చారు. ఇంజెక్షన్‌కి తోడు మొదటినుంచే అబిరాటెరోన్ లాంటి మాత్ర కలిపితే ఎక్కువ కాలం బతుకుతున్నారని 2017 లో రెండు పెద్ద ట్రయల్స్‌లో తేలింది. పైగా ఇది ఒళ్ళంతా పనిచేసే మందు, స్కాన్‌లో కనిపించిన మూడు మచ్చల మీదా, కంటికి కనపడని వాటి మీదా. కాబట్టి ఇంజెక్షన్ డేట్ ఎప్పుడో ఈరోజే కాగితం తీసి చూడండి, దాటిపోతే మిగతా గొడవలన్నీ పక్కన పెట్టి ముందు అది వేయించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆప్షన్లు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మీ అన్నయ్య చెప్పిన దాని సంగతి. అతను గాల్లోంచి పుట్టించలేదు, ఆ రీసెర్చ్ నిజంగానే జరుగుతోంది. స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ తరంగాలే ఇవీ. ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చినట్టు చాలా వైపుల నుంచి పంపిన తరంగాలన్నీ లోపల కొన్ని మిల్లీమీటర్ల చోట కలిసేలా చేస్తారు, మధ్యలో చర్మానికి కండకి మామూలుగా పెద్దగా ఏమీ అవ్వదు, ఆ కలిసిన చోట మాత్రం వేడి 60 డిగ్రీల దాకా వెళ్ళి కణాలు చచ్చిపోతాయి. ఇంకో పద్ధతిలో అంత వేడి పెట్టరు, 41 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఒక్క ఆ వేడికే క్యాన్సర్ కణం మామూలుగా చావదు కానీ రేడియేషన్ దాని డీఎన్‌ఏ ని తెంపినప్పుడు తిరిగి అతికించుకునే శక్తి తగ్గిపోద్ది. ఆక్సిజన్ అందని కణాలు ట్యూమర్ లోపల ఉంటాయి, వాటిమీద రేడియేషన్ సరిగ్గా పనిచేయదు, వేడి తగిలితే అక్కడికి రక్తం పెరిగి ఆక్సిజన్ వెళ్తుంది, అప్పుడు అదే డోస్‌కి దెబ్బ ఎక్కువ. ప్రోస్టేట్‌కి పైన మూత్రాశయం, వెనక మలాశయం ఆనుకుని ఉంటాయి కాబట్టి రేడియేషన్ డోస్ ఇష్టమొచ్చినంత పెంచలేరు, అందుకని ఉన్న డోస్‌నే గట్టిగా పనిచేయించే దారి వెతుకుతున్నారు. ఇంకొకటి ఉంది, రక్తంలోకి చిన్న చిన్న గ్యాస్ బుడగలు ఎక్కించి అల్ట్రాసౌండ్‌తో వాటిని ట్యూమర్ రక్తనాళాల్లో కదిలించి ఆ నాళాలని దెబ్బతీసి తర్వాత రేడియేషన్ ఇవ్వడం. కెనడాలో టొరంటో వాళ్ళు 2012 లో ఎలుకల్లో పెంచిన ప్రోస్టేట్ ట్యూమర్ల మీద ఇది చేసి రేడియేషన్ పవర్ బాగా పెరిగిందని చూపించారు, తర్వాత రొమ్ము క్యాన్సర్, తల మెడ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో మొదటి దశ ట్రయల్స్‌కి వెళ్ళారు.

చదువుతుంటే ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ మీ అన్నయ్య పెట్టిన లింక్‌లో మూడు వేరే వేరే సంగతులు ఒకటైపోయి ఉంటాయని నా అనుమానం, ఆన్‌లైన్‌లో ఈ సబ్జెక్ట్ మీద వచ్చేవాటిలో అలాగే ఉంటుంది.

ఒకటి, ప్రోస్టేట్ లోపలే ఉన్న చిన్న క్యాన్సర్‌ని ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌తో కాల్చడం. దీన్ని హైఫూ అంటారు, 2015 లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులు చూసే ఎఫ్‌డీఏ మెషీన్‌కి అనుమతి ఇచ్చింది, అదీ ప్రోస్టేట్ కండని కాల్చే పరికరం అని ఇచ్చింది తప్ప క్యాన్సర్ నయం చేస్తుందని ఇవ్వలేదు. మీ నాన్నగారికి ఎముకల్లోకి వచ్చేసింది కాబట్టి ఇది ఒక్కటే చేయించుకుంటే సరిపోయే కేసు కాదు. రేపు ఎవరైనా హైఫూ ప్యాకేజీ అని ఫోన్ చేస్తే "బోన్ మెట్స్, అంటే ఎముకలకి పాకిన క్యాన్సర్ ఉన్న మనిషికి దీనివల్ల ఆయుష్షు పెరిగిందని ఎక్కడ తేలిందండీ" అని ఒక్క మాట అడగండి.

రెండు, ఎముక నొప్పికి వాడేది. ఇది 2012 లోనే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, రేడియేషన్ పనిచేయనివాళ్ళకి, రేడియేషన్ ఇవ్వడం కుదరనివాళ్ళకి. అల్ట్రాసౌండ్ ఎముకని దాటి లోపలికి పోదు, ఎముక పైనే వేడెక్కిపోద్ది, ఆ పొరలో ఉన్న నరాలు కాలిపోయి నొప్పి తగ్గుద్ది, కొందరికి రోజుల్లోనే తగ్గుద్ది. రేడియేషన్‌తో నొప్పి తగ్గడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందుకే ఆ రెండూ కలిపితే ఒకటి తొందరగా ఇంకొకటి ఎక్కువ కాలం పనిచేస్తుందేమో అని యూరప్‌లో ఫర్దర్ అనే ట్రయల్ పెట్టారు, కొందరికి రేడియేషన్, కొందరికి అల్ట్రాసౌండ్, కొందరికి రెండూ. అందులో కొలిచేది నొప్పి. ఆయుష్షు కాదు. ఇంకో చిక్కు, మీ నాన్నగారికి మచ్చలు ఎక్కువ నడుం పూసల్లో ఉన్నాయి, వెన్నుపాముకి, పెద్ద నరాలకి దగ్గరగా ఉన్న చోట్ల ఆ వేడి పెట్టడానికి మామూలుగా ఒప్పుకోరు.

మూడోదే అన్నయ్య అంటున్నది, ప్రోస్టేట్ ట్యూమర్ మీద రెండూ కలిపి వాడి రేడియేషన్ బలం పెంచడం. ఇది ఇంకా పరీక్షల దశలో ఉన్న విషయం. రేపు డల్లాస్‌లో దిగి కౌంటర్లో డబ్బు కట్టి చేయించుకొచ్చేది కాదు.

"ఇప్పుడు రేడియేషన్ ఇస్తే తర్వాత ఇది చేయరు" అన్న మాటలో సగం నిజం ఉంది. కొన్ని ట్రయల్స్‌లో అదే చోట ముందు రేడియేషన్ తీసుకున్నవాళ్ళని తీసుకోరు, ఆ మాట కాదనను. కానీ మామూలు వాడకంలో రేడియేషన్ తర్వాత క్యాన్సర్ మళ్ళీ ప్రోస్టేట్‌లోనే వస్తే హైఫూ చేయడం ఎప్పటినుంచో ఉంది. నొప్పి విషయంలో అయితే రేడియేషన్ ఇచ్చినా పనిచేయనివాళ్ళకి కూడా ఎఫ్‌డీఏ దాన్ని ఒప్పుకుంది కదా. అసలు అన్నయ్య చెప్పే కొత్త పద్ధతిలోనే సగం రేడియేషన్ ఉంది, దాన్ని "పాత రేడియేషన్" అని తిట్టడం ఏంటో నాకు అర్థం కాలేదు.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం. కాగితాలు చూసి ఆఖరి మాట చెప్పాల్సింది డాక్టరుగారే, నేను ఏ దారిలో వెళ్తే ఏమవుద్దో చెప్తా.

డాక్టరుగారు చెప్పినట్టే వెళ్ళడం మొదటిది. ఇందులో రెండు రేడియేషన్లు ఉన్నాయి, మీరూ అన్నయ్యా రెండిటినీ ఒకే ముద్దగా మాట్లాడుతున్నారు, విడదీయండి. నడుం నొప్పికి ఇచ్చేది చిన్నది, చాలాచోట్ల 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలత) ఒక్క సిట్టింగ్‌లో ఇచ్చేస్తారు, పది రోజులు ఇచ్చినదానికీ దీనికీ నొప్పి తగ్గడంలో తేడా లేదని చాలా స్టడీల్లో తేలింది, కాకపోతే ఒక్క సిట్టింగ్ వాళ్ళకి కొన్నాళ్ళకి మళ్ళీ ఇవ్వాల్సి రావడం కొంచెం ఎక్కువ. ఇచ్చిన రెండు మూడు రోజులు నొప్పి పెరిగినట్టు ఉండొచ్చు, భయపడొద్దు.

ప్రోస్టేట్‌కి ఇచ్చేది పెద్దది. ఎముకలకి పాకాక ప్రోస్టేట్‌కి రేడియేషన్ ఎందుకు అని మీ ఆయన అడిగారని రాశారు, మంచి ప్రశ్న. ఇంగ్లాండ్‌లో స్టాంపీడ్ అనే ట్రయల్, 2018 లో వచ్చింది, 2061 మంది మగవాళ్ళు. అందరినీ కలిపి చూస్తే ఆయుష్షులో తేడా లేదు, కానీ జబ్బు తక్కువ చోట్లకే పాకిన వాళ్ళని విడిగా చూస్తే మూడేళ్ళకి బతికున్నవాళ్ళు రేడియేషన్ లేకుండా 73 శాతం, రేడియేషన్‌తో 81 శాతం. మీ నాన్నగారిది మూడే మచ్చలు, అవీ పూసలు తుంటి లోనే, లోపలి అవయవాల్లో లేవు, అంటే ఆ తక్కువ గుంపులోకే వస్తారు. డాక్టరుగారు అందుకే చెప్పుంటారు. ఇంకో సైడ్ కూడా చెప్పాలి కదా, అబిరాటెరోన్ వాడుతున్నవాళ్ళలో ఫ్రాన్స్ వాళ్ళు చేసిన పీస్ 1 ట్రయల్‌లో రేడియేషన్ కలిపితే జబ్బు ముదరడం ఆలస్యమైంది, మూత్రం ఆగిపోయి ట్యూబ్ వేయాల్సిరావడం లాంటి ఇబ్బందులు తగ్గాయి, ఆయుష్షు మాత్రం పెరిగినట్టు తేలలేదు. కాబట్టి ఇది లాభం ఉన్న పనే కానీ ఒక నెల అటూ ఇటూ అయితే కొంప మునిగే పని కాదు, ఇంజెక్షన్ మాత్రలు నడుస్తున్నంత వరకు.

రోజూ రాజమండ్రి తిరగడం ఎలా అని కూడా అన్నారు. స్టాంపీడ్‌లోనే రెండు రకాలు వాడారు, నాలుగు వారాల్లో రోజూ చొప్పున 20 సిట్టింగ్‌లు ఒకటి, వారానికి ఒకటి చొప్పున ఆరే సిట్టింగ్‌లు ఇంకొకటి. వారానికోసారి పద్ధతి నాన్నకి కుదురుద్దా అని అడగండి, ఇది చాలామంది అడగరు. వరదొచ్చి పంటు ఆపేశారంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చే ఊళ్ళో 20 రోజులకీ ఆరు రోజులకీ ఎంత తేడానో డాక్టరుగారికి మీరు చెప్తేనే తెలుస్తుంది.

రెండో దారి మధ్యేమార్గం, మీ ఇంట్లో గొడవ చూస్తే నాకు ఇదే దగ్గరగా కనిపిస్తోంది. మందులు ఆపరు, నడుం నొప్పి రేడియేషన్ ఈ వారమే అయిపోద్ది, ప్రోస్టేట్ రేడియేషన్ మాత్రం మూడు నాలుగు వారాలు పక్కన పెట్టి సెకండ్ ఒపీనియన్ తెచ్చుకుంటారు. విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, టాటా మెమోరియల్ వాళ్ళదే. కదలకుండా కావాలంటే టాటా వాళ్ళతో, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ వాళ్ళతో కలిసి నడిచే నవ్య అని ఆన్‌లైన్ సర్వీసు ఉంది, రిపోర్టులు పెడితే వాళ్ళ స్పెషలిస్టుల అభిప్రాయం రాసి పంపుతారు. అన్నయ్య డల్లాస్ నుంచే ఆ పని చేయగలడు, అతనికీ చేతినిండా పని ఉంటుంది. దీనివల్ల పోయేది కొంచెం టైం, వచ్చేది ఇంట్లో అందరూ ఒప్పుకున్న నిర్ణయం.

మూడోది, అన్నయ్య అన్నట్టు రెండు రేడియేషన్లూ ఆపేసి కొత్తది వచ్చేదాకా ఎదురుచూడటం. ప్రోస్టేట్ సంగతి పైన చెప్పా. నడుం సంగతి అలా కాదు. పూసలోని క్యాన్సర్ పెరిగి వెన్నుపాముని నొక్కితే కాళ్ళు పడిపోతాయి, ఒకసారి పూర్తిగా పడిపోయాక తిరిగి నడవడం కష్టం. కాళ్ళలో బలం తగ్గినట్టు, తూలుతున్నట్టు, మొద్దుబారినట్టు ఉన్నా, మూత్రం బిగుసుకుపోయినా, మలం మీద అదుపు తప్పినా, పడుకుంటే దగ్గితే నడుం నొప్పి కొత్తగా ఎక్కువైనా, తెల్లారాక చూద్దాం అనుకోకుండా ఆ రాత్రే ఎంఆర్‌ఐ ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. ఈ సంగతి మీ అమ్మగారికీ, పక్కింటి కుర్రాళ్ళకీ చెప్పి ఉంచండి, కారు నంబర్ గోడమీద రాసి పెట్టండి. ఆగుదాం అన్న మాట వెనక ఈ రిస్క్ ఉందని అన్నయ్యకి తెలిసుండదు, తెలిస్తే అతనే నడుం రేడియేషన్ పెట్టించేస్తాడు.

నాలుగోది అమెరికా. ట్రయల్‌లో చేర్చడానికి అన్నయ్యకి హక్కే ఉంది, ప్రయత్నించనివ్వండి, కానీ తోట బేరం పెట్టకముందు. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే సైట్‌లో అక్కడివీ, మన దేశంలోవి సీటీఆర్‌ఐ లోనూ రిజిస్టర్ అయి ఉంటాయి. దొరికిన ట్రయల్‌ వాళ్ళకి మెయిల్ పెట్టి, ఎముకలకి పాకినవాళ్ళని తీసుకుంటారా, హార్మోన్ ఇంజెక్షన్ మొదలైపోయినవాళ్ళని తీసుకుంటారా, షుగర్ ఉన్న 69 ఏళ్ళ మనిషి సరిపోతాడా, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు కుదురుద్దా, ఎన్ని నెలలు అక్కడే ఉండాలి, ట్రయల్‌ది కాని ఖర్చు ఎవరిది, కొలిచేది నొప్పినా ట్యూమర్ సైజునా ఆయుష్షునా, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. అక్కడ విజిటర్ ఇన్సూరెన్స్ ముందే ఉన్న జబ్బుకి మామూలుగా కవర్ చేయదు, ఐసీయూ దాకా వెళ్తే 70 సెంట్లు కాదు తోటంతా చాలదు. ట్రయల్ పేరు చెప్పి లక్షలు అడ్వాన్స్ కట్టమన్నారంటే అది ట్రయల్ కాదు, అమ్మకం.

డబ్బు విషయానికొస్తే, తోట అమ్మకముందు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లో రేడియేషన్ ఎంతవరకు కవర్ అవుద్దో హాస్పిటల్లో ఆ కౌంటర్ దగ్గరే అడిగారా? ఉత్తరంలో లేదు. అబిరాటెరోన్‌కి మన దేశంలో జెనరిక్ చాలా కంపెనీలవి ఉన్నాయి, రేటు షాపు షాపుకీ మారుద్ది, డాక్టరుగారినే చవకది చెప్పమనండి. ఖాళీ కడుపుతో వేసుకోవాల్సిన మాత్ర అది, సొంత తెలివితో టిఫిన్ తర్వాత వేస్తే ఒంట్లోకి మందు ఎక్కువ పోద్ది. దాంతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుద్ది, బీపీ, పొటాషియం, లివర్ టెస్టులు డేట్ ప్రకారం చేయించాలి. జీవితాంతం ఇంజెక్షన్ ఖర్చు భారం అనిపిస్తే వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది, ఒక్కసారితో అయిపోద్ది, ఫలితం ఇంజెక్షన్‌తో సమానమే. చాలామంది మగవాళ్ళు మనసు ఒప్పుకోదంటారు, అది వాళ్ళ ఇష్టం, కానీ అలాంటిది ఉందని చెప్పకుండా తోట అమ్మించడం న్యాయం కాదు. రాత్రుళ్ళు ఒళ్ళంతా చెమటలు పట్టి చిరాకు పడుతున్నారన్నారు కదా, అది హార్మోన్ తగ్గడం వల్ల, ఆడవాళ్ళకి నెలసరి ఆగేటప్పుడు వచ్చేలాంటిదే. మనిషి మారిపోయాడు అని అమ్మ బాధపడుతుంటే ఈ కారణం చెప్పండి, సగం తేలికపడుతుంది.

ఇక నాన్నకి చెప్పడం. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది, మీకు నచ్చకపోయినా చెప్తా. ఆయన తోట అమ్మాలా వద్దా, ఆయన ఒంటికి రేడియేషన్ ఇవ్వాలా వద్దా, ఆయన్ని సముద్రాలు దాటించాలా వద్దా అని మీ నలుగురూ ఫోన్లలో తేల్చేస్తున్నారు, ఆయన్ని తప్ప అందరినీ అడిగారు. లెక్క దగ్గర ఒక్క కాయ తేడా వస్తే పట్టుకునే మనిషికి హాస్పిటల్ గోడ మీద క్యాన్సర్ విభాగం అని తెలుగులో రాసుంటే కనపడలేదనుకుంటున్నారా? ఆయనకి చాలావరకు తెలిసే ఉంటుంది. తెలియనిది ఏంటంటే ఎంత తీవ్రంగా ఉంది, మందు ఉందా లేదా అన్నది, అది తెలియకపోతే మనిషి మనసు చెడ్డవైపే పోద్ది.

చెప్పకపోతే ఏమవుద్దో చూడండి. రేడియేషన్ ఫారం మీద ఆయన సంతకం పెట్టాలి, అక్కడ టెక్నీషియన్ నోటో ఇంకెవరి నోటో ముందు జారుద్ది, లేకపోతే పక్క బెంచీ పేషెంట్ "మీకు ఎన్నో స్టేజండీ" అని అడుగుతాడు. అలా తెలిసేకంటే మీ నోట తెలియడం నయం. చెప్తే ఏమవుద్ది? రెండు మూడు రోజులు అన్నం సరిగ్గా తినకపోవచ్చు, కోప్పడొచ్చు, అమ్మగారు ఏడవొచ్చు. కొంతమంది అసలు వివరాలు మాకొద్దు మీరే చూసుకోండి అంటారు, అలా అన్నారంటే అదీ ఆయన నిర్ణయమే, అప్పుడు మీరు దాచినట్టు కాదు.

ఎలా అంటారా, అంతా ఒక్కసారి గుమ్మరించొద్దు. ఆయనే ముందు అడిగారు కదా, ఆ మాట పట్టుకునే "మొన్న అడిగావుగా నాన్నా, ఏం అనుకుంటున్నావో నువ్వు చెప్పు" అని మొదలుపెట్టండి. ఎంత తెలుసో ఆయన నోటితోనే వస్తుంది. తర్వాత అపాయింట్‌మెంట్‌లో డాక్టరుగారికి ముందే చెప్పి, నాన్న ఎదురుగానే మందులు పనిచేసే రకం జబ్బని, పీఎస్‌ఏ ఎంత తగ్గిందో అంకెతో సహా చెప్పమనండి. మీ నాన్నగారికి అంకెలు నచ్చుతాయి. అన్నయ్యని ఆ టైంకి వీడియో కాల్‌లో పెట్టండి, తను అనుకున్నది డాక్టరుగారినే నేరుగా అడగనివ్వండి, మధ్యలో మీరు మోసుకెళ్ళే మాటల వల్లే మీ మీదకి వస్తోంది గొడవ. అమ్మకి మాత్రం ఒకరోజు ముందు మీరే విడిగా చెప్పండి, ఆ రూంలో ఆవిడకి కూడా కొత్తగా తెలిస్తే ఆయన ఈవిడని ఓదార్చుకుంటూ కూర్చుంటారు.

మీ ఆయన అన్న మాటకి నేనేం చెప్పను, మీరు వారం వారం పంటు ఎక్కి వెళ్తున్నారు, డబ్బు పంపేవాళ్ళకి ఎంత మాట ఉందో రాత్రిపూట నడుం పట్టేవాళ్ళకీ అంతే ఉందని ఆయనకీ తెలుసు. అన్నయ్య మీద కూడా కోపం పెంచుకోకండి, అంత దూరంలో ఉండి ఏమీ చేయలేనప్పుడు లింకులు పంపడమే చేతిలో ఉన్న పని.

ఒకటి మర్చిపోయా. ఎముకలకి పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో కొందరికి అది వంశంలో వచ్చే బీఆర్‌సీఏ లాంటి జీన్ మార్పు వల్ల వస్తుంది, నాన్నగారి రక్తంతో టెస్ట్ చేస్తారు, డాక్టరుగారిని అడగండి. ఉందని తేలితే ముందుముందు ఆయనకి ఓలాపరిబ్ లాంటి మాత్ర ఒక దారి అవుద్ది, మీరూ టెస్ట్ చేయించుకుని, మీకూ ఉందంటే రొమ్ము, అండాశయం చెకప్‌లు ముందునుంచే మొదలుపెట్టుకోవచ్చు. అన్నయ్యకి 45 దాటాయో లేదో మీరు రాయలేదు, దాటితే ఇంత రీసెర్చ్ చేసే మనిషి తన పీఎస్‌ఏ ఎప్పుడు చేయించుకున్నాడో ఈసారి కాల్‌లో అడగండి.